సరిహద్దు దాటితే తరిగే వేతనం

న్యూఢిల్లీ: యంత్రం ఒకటే, నైపుణ్యమూ ఒకటే, రాష్ట్ర సరిహద్దు దాటితే వేతనం మారిపోతుంది. కరవు భత్యంతో కలిపి నిపుణ కార్మికుల నెలసరి కనీస వేతనాన్ని 2024 అక్టోబరులో ఢిల్లీ ప్రభుత్వం రూ.21,917గా నిర్ణయించింది. పొరుగునే ఉన్న నోయిడా, ఘజియాబాద్‌లలోని అత్యధిక పరిశ్రమలకు ఉత్తరప్రదేశ్ ఖరారు చేసింది రూ.13,186 మాత్రమే. తేడా రూ.8,731.

ఇవన్నీ జాతీయ రాజధాని ప్రాంతంలోనివే అయినా, 1948 నాటి చట్టం వేతన నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలివేసింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, కేంద్రం నిర్ణయించే కనిష్ఠ స్థాయికి ఏ రాష్ట్రమూ తగ్గరాదు. ఆపై వ్యత్యాసాలకు మాత్రం అడ్డు లేదు.

ఢిల్లీలో కాపురముండి నోయిడా ఫ్యాక్టరీకి వెళ్లే ఆపరేటరుకు జీతం ఉత్తరప్రదేశ్ లెక్క, ఇంటి అద్దె ఢిల్లీ లెక్క.