తాళము వేసిన ఇంటికి అదనపు పన్ను

బయ్యారము వంటి గ్రామములలో ఇంటిపన్ను పంచాయతీకి చెందును. ఇంటికి తాళము పడినను దాని ముందరి వీధిని ఊడ్వక తప్పదు, దీపము వెలిగింపక తప్పదు.

ఇంగ్లండులో రెండేండ్లు ఖాళీగానున్న ఇంటిపై సగమువరకు అదనపు పన్ను వేయు అధికారము 2013లో స్థానిక సభలకు లభించినది. 2024 నుండి ఏడాది ఖాళీగానున్నచో పన్నును రెట్టింపు చేయవచ్చును. పదేండ్లు దాటినచో నాలుగింతలు చేయవచ్చును. విక్రయమునకు పెట్టిన ఇండ్లకు, వారసత్వ వ్యవహారము తేలవలసిన ఇండ్లకు ఏడాదివరకు మినహాయింపు గలదు. మూసిన తలుపులు తెరిపించి, ఇల్లు లేనివారికి నీడ కల్పించుటే ఈ పన్ను ఉద్దేశము.

మన పల్లెలలో కూలికై వలసపోయినవారి ఇండ్లును మూతపడుచుండును. ధర పెరుగునని ఇంటిని ఖాళీగా నుంచువానిని, పొట్టకూటికై ఇల్లు విడిచినవానిని ఒకే త్రాసున తూచరాదు. తాళము వెనుకనున్న కారణమును విచారించిన పిమ్మటనే పన్ను మాట ఎత్తుట న్యాయమని మేము తలంతుము.