రంగు చేపల తొట్టికి ఇత్తడి వాల్వు వద్దు

పెరట్లో రంగు చేపలు పెంచేవారు తొట్టి కట్టడంలో చూపే శ్రద్ధ పైపుల దగ్గర చూపడం లేదు. పాత బోరుకు మిగిలిన జి.ఐ. పైపు ముక్క, ఇంట్లో తీసేసిన ఇత్తడి కుళాయి, ఏది చేతికందితే అది బిగించేస్తారు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగు చేపల యూనిట్‌కు 3 లక్షల రూపాయల వ్యయం లెక్కగట్టారు. అంత పెట్టుబడి పెట్టి వాల్వు దగ్గర కక్కుర్తి పడడం తగదు.

పొలానికి పారే నీరు కుళాయిని ఒక్కసారే తాకి పోతుంది. సంపు పద్ధతిలో అలా కాదు. తొట్టిలోంచి పొర్లిన నీరు సంపులోకి దిగి, అక్కడ వడపోతయి, మోటారుతో మళ్లీ పైకి వస్తుంది. వెయ్యి లీటర్ల తొట్టికి గంటకు 2,000 లీటర్లు తోడే మోటారు పెట్టారనుకోండి. రోజుకు 48 తొట్ల నీరు ఆ వాల్వు గుండా పోయినట్లే. పోయిన ప్రతిసారీ రవ్వంత లోహం కరిగినా, మీరు నీరు మార్చేదాకా అది పోగవుతూనే ఉంటుంది.

ఇత్తడి అంటే రాగి, జింకు కలిసినదే. బోర్డో మిశ్రమంలో తెగులును అణిచేది మైలుతుత్తంలోని రాగి అని మీకు తెలిసిందే. నీటిలో ఎక్కువైతే ఆ రాగే చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. రొయ్యలు, నత్తలైతే ఇంకా తక్కువ మోతాదుకే చనిపోతాయి. జి.ఐ. పైపు మీది పూత కూడా జింకే. ఉప్పదనం, సున్నం ఉన్న బోరు నీటిలో వీటి విషప్రభావం కొంత తగ్గుతుంది. అందుకే ఏళ్ల తరబడి ఏమీ కాని తొట్టిలో కూడా, డాబా మీది వాన నీరు పట్టి పోసేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరవవచ్చు. జబ్బేమో అనుకుని మందు పోస్తారు. కొన్ని చేపల మందుల్లో ఉండేది కూడా రాగే! మందు పోసేముందు వాల్వులు చూడండి. ఇత్తడి కనబడితే తీసేసి, మూడో వంతు నీరు మార్చండి.

తాగునీటికి వాడే యు.పి.వి.సి. పైపు అన్నిటికంటే మేలు. దాని మీద ఐ.ఎస్. 4985 ముద్ర ఉంటుంది. హెచ్.డి.పి.ఇ. పైపైతే ఐ.ఎస్. 4984 చూసుకోవాలి. కరెంటు వైర్లు దూర్చే కండ్యూట్ పైపు చవకే గానీ, అది నీటికి చేసింది కాదు. పి.వి.సి. పైపుల్లో సీసం వాడకాన్ని కట్టడి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2021లో నిబంధనలు తెచ్చింది. అంతకుముందటి పైపుల్లో సీసం ఉండే అవకాశముంది కాబట్టి అటక మీది పాత సరుకు వాడకండి. పురుగు మందు పట్టిన గొట్టం సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

అసలు మోసపోయేది చిన్న సామాన్ల దగ్గర. పైకి ప్లాస్టిక్‌గా కనబడే ఎల్బోలు, టీలు కొన్నిటికి మరల దగ్గర లోపల ఇత్తడి ఉంగరం ఉంటుంది. కొనేముందు లోపలికి తొంగిచూడండి. మెరిసే తెల్ల కుళాయిని ఆకురాయితో గీస్తే చాలాసార్లు పచ్చటి ఇత్తడి బయటపడుతుంది. అయస్కాంతం అంటుకోలేదు కదా అని నమ్మకండి, ఇత్తడికి అది అంటుకోదు. ఫుట్ వాల్వు, నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వు కూడా ప్లాస్టిక్‌వే అడిగి తీసుకోవాలి. లోపలి స్ప్రింగు స్టెయిన్‌లెస్ స్టీలుదైతే మంచినీటికి సరిపోతుంది.

మరల దగ్గర ప్లంబర్లు కొందరు ఇప్పటికీ నార చుట్టి సఫేదా రాస్తారు. అది వద్దని చెప్పి టెఫ్లాన్ టేపు చుట్టించండి. పైపులు అతికించే సాల్వెంట్ సిమెంటు పలచగా రాసి, ఒక రోజంతా ఆరనివ్వాలి. తర్వాత నీరు నింపి కొన్ని గంటలు తిప్పి పారబోయాలి. వాసన పోకపోతే ఇంకోసారి చేయాలి. గాజు తొట్టికి సిలికాన్ కొనేటప్పుడు బాత్‌రూముల్లో బూజు పట్టకుండా వాడే రకం తేవద్దు. బూజును చంపే మందు అందులో కలిపి ఉంటుంది. అక్వేరియంకని రాసి ఉన్నదే అడగండి.

మోటారుకు రెండు పక్కలా ప్లాస్టిక్ యూనియన్లు వేయించుకుంటే, చెడినప్పుడు పైపు కోయకుండానే విప్పుకోవచ్చు.