చూడి కట్టిందనుకున్న ఆవు మళ్ళీ ఎదకొస్తోందా? ఆంబోతును పరీక్ష చేయించండి

"ఆవును దాటించాం, చూడి కట్టిందనుకున్నాం, రెండు నెలలు పోయాక మళ్ళీ అరుస్తోంది సార్." గ్రామాల్లో ఈ మాట తరచుగా వింటాం. చాలామంది దీన్ని ఆవు లోపంగానే లెక్కేసి, మేత మార్చి చూసి, చివరికి సంతకు తోలేస్తారు. మేత లోపం వల్ల కూడా ఇలా జరగవచ్చు. కానీ ఒకే ఆంబోతు దాటిన మూడు నాలుగు ఆవుల్లో ఇదే కనిపిస్తుంటే ఆంబోతునే అనుమానించాలి. ట్రైకోమోనియాసిస్ అనే సుఖవ్యాధి పశువుల్లోనూ ఉంది.

ట్రైట్రైకోమోనాస్ ఫీటస్ అనే ఏకకణ పరాన్నజీవి దీనికి కారణం. ఇది మేత వల్లో, నీళ్ళ వల్లో రాదు, దాటేటప్పుడే ఒక పశువు నుంచి మరో పశువుకు చేరుతుంది. ఆంబోతు జననాంగం మీది చర్మపు ముడతల్లో కాపురం పెడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ ముడతలు లోతవుతాయి. అందుకే మూడు నాలుగేళ్ళు దాటిన ఆంబోతుకు సోకితే సాధారణంగా జీవితాంతం వదలదు. అయినా దానికి జ్వరం ఉండదు, మేత మానదు, ఎప్పటిలాగే దాటుతుంది. చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది. చిక్కంతా అక్కడే.

ఆవు చాలావరకు చూడి కడుతుంది. తరువాత గర్భకోశం లోపలి పొర వాచి, ఎక్కువగా 50 నుంచి 70 రోజుల మధ్య పిండం చనిపోతుంది. అంత చిన్న పిండం పడిపోయినా మన కంటపడదు. మామూలుగా చూడి కట్టని ఆవు 21 రోజులకు, కాస్త అటూ ఇటూగా, మళ్ళీ ఎదకొస్తుంది. ఈ జబ్బులో ఆ లెక్క తప్పుతుంది. కాబట్టి దాటించిన తేదీ, మళ్ళీ ఎదకొచ్చిన తేదీ గోడమీది క్యాలెండర్లో రాసిపెట్టండి. డాక్టరుకు ఆ రెండు తేదీలు చాలా పనికొస్తాయి. కొన్ని ఆవులు ఐదు నెలల లోపు ఈసుకుపోతాయి. కొద్ది ఆవుల్లో గర్భకోశం చీముతో నిండుతుంది. అలాంటిది ఎదకు రాదు, చూడిదే అనుకుని నెలల తరబడి మేపుతాం.

నేను వ్యవసాయం చదివినవాణ్ణి, పశువైద్యుణ్ణి కాను. మందుల మాట డాక్టరుదే. అయితే ఆంబోతుకు నమ్మదగిన వైద్యం లేదన్నది మాత్రం గుర్తుంచుకోండి. దాని జననాంగపు తొడుగును కడిగిన నీటిని పరీక్షకు పంపుతారు. ఒకసారి లేదని వస్తే సరిపోదు, వారం వారం మూడుసార్లు చేయిస్తే గాని ధైర్యంగా ఉండలేం. ఉందని తేలితే వట్టలు నొక్కించి అరకకు వాడుకోవచ్చు. ఇక ముందు ఆవుల మీదికి మాత్రం వదలకూడదు. దేవుడి పేర అచ్చు వేసి వదిలిన ఆంబోతైతే ఈ మాట ఊళ్ళో ఎత్తడం కష్టమే. కనీసం ఎదలో ఉన్న ఆవును ఇంటిదగ్గరే కట్టేసుకోవడం మన చేతిలో పని.

ఆవుల విషయంలో కొంత ఊరట ఉంది. మూడు నాలుగు నెలలు దాటించకుండా వదిలేస్తే చాలావరకు తమంతట తామే కోలుకుంటాయి. ఆ తరువాత సూది వేయించండి. వీర్య కేంద్రాల్లో ఆంబోతులకు ఈ జబ్బు పరీక్ష కూడా చేస్తారు. కోలుకున్న ఆవుకు రక్షణ ఎక్కువకాలం నిలవదు, మళ్ళీ అదే ఆంబోతు దగ్గరికి తోలితే మొదటికొస్తుంది. సంతలో ఆంబోతును కొంటే పరీక్షలు పూర్తయ్యేదాకా విడిగా కట్టేయండి.

ఆవు ఈసుకుపోతే పిండాన్ని, మాయను వట్టి చేతులతో ముట్టుకోకండి. అది బ్రూసెల్లోసిస్ కూడా కావచ్చు, అది మనుషులకు అంటుతుంది. ఆ జబ్బులో సాధారణంగా చూడి చివరి నెలల్లో ఈసుకుపోతుంది గాని, ఇంటిదగ్గర మనం తేల్చలేం. చేతికి గ్లౌజులు వేసుకుని, డాక్టరుకు చూపించాక, సున్నం వేసి లోతుగా పూడ్చండి.

పశువుల ట్రైకోమోనియాసిస్ పాల వల్ల మనకు రాదు. మనుషుల్లో వచ్చే ట్రైకోమోనియాసిస్‌కు కారణం వేరే పరాన్నజీవి. అది సోకిన ఆడవాళ్ళలో దురద, వాసనతో కూడిన పసుపు లేదా ఆకుపచ్చ తెల్లబట్ట కనిపించవచ్చు, మగవాళ్ళలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. మాత్రలతో నయమవుతుంది, కానీ భార్యాభర్తలిద్దరూ కలిసి వాడాలి. సిగ్గుపడకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి.

పశువుల విషయంలో దగ్గర్లో ఆసుపత్రి లేకపోతే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది.