బట్టీ ఎరుగని ఇటుక

ఖరగ్‌పూర్‌లో ఐ.ఐ.టి.ని ఆనుకొని ఉన్న పేట ప్రేమ్ బజార్. రైల్వే ఉద్యోగాలకై వచ్చిన తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన ఊరిది. ఇక్కడి నుంచి హౌరా వెళ్ళే దారిలో కోలాఘాట్ థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్నది. అక్కడ బొగ్గు మండగా మిగిలేది బూడిద.

ఇటు చూస్తే, ఇటుకల బట్టీ పొలాల పైమట్టిని తవ్వుకొంటుంది, బొగ్గునూ కాలుస్తుంది. ఈ రెండు నష్టాలకూ ఒకే విరుగుడు కనుగొన్నవారు విశాఖపట్నం పరిశోధకులు భానుమతీదాస్, కాళిదాస్. బూడిద, సున్నం, జిప్సం నీటితో కలిపి వారు రూపొందించిన మిశ్రమమే ‘ఫాల్-జి’. బూడిదలోని సిలికా సున్నంతో కలిసి గట్టిపడుతుంది. ఈ ఇటుకను కాల్చనక్కరలేదు. నీటితో తడిపితే చాలును.

1999లో కేంద్ర ప్రభుత్వం విద్యుత్కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు ఇటుకల తయారీలో బూడిద వాడాలని ఆదేశించింది. 2016లో ఆ పరిధిని 300 కిలోమీటర్లకు పెంచింది.

అయితే చిన్న తయారీదారు ఒంటరివాడు. అతడు ఆదా చేసిన బొగ్గును లెక్కగట్టి, ధ్రువీకరింపజేసి, కర్బన విపణిలో అమ్మబోతే ఆ ఖర్చే రాబడిని మింగివేస్తుంది. అందుకే విశాఖ కేంద్రంగా అనేక చిన్న కర్మాగారాలను ఒకే పథకం క్రిందికి తెచ్చారు. ఆ ఉమ్మడి ఆదాను ప్రపంచ బ్యాంకు నిధి కొనుగోలు చేసింది. పోటీదారులే భాగస్వాములైనారు!

ప్రేమ్ బజార్‌లో ఇల్లు తలపెట్టిన గృహస్థుకూ ఇందులో పాత్ర ఉన్నది. ఇటుక ధరతోపాటు, అది పొలం మట్టిదా, బూడిదదా అని కూడా మేస్త్రీని అడగాలి. అడిగేవారుంటేనే చేసేవారుంటారు.