పొలములోని పొగయు, చట్టములోని మాటలును

రేగోడ్ ప్రాంతపు రైతు సోదరులారా! కోతలైన పిదప వరికొయ్యలను, ప్రత్తికట్టెను పొలముననే తగులఁబెట్టు వాడుక మనలో నింకను గలదు. ఆ పొగను ముందుగాఁ బీల్చునది మన బిడ్డలే. కావున నీ నాలుగు మాటల నెఱుఁగుట మేలు.

కాలుష్యకారకము: మనుష్యులకే గాక పశువులకును, పైరులకును హాని కలిగించునంతగా గాలిలోఁ జేరిన పదార్థమని 1981 నాఁటి వాయుచట్టము చెప్పుచున్నది.

సూక్ష్మధూళి: 2.5 మైక్రానులు మించని రేణువులు. మైక్రాను మిల్లీమీటరులో వేయవ వంతు. ఇవి ఊపిరితిత్తుల లోఁతునకుఁ జొచ్చును.

ప్రమాణము: ఘనపు మీటరు గాలిలో నిట్టి ధూళి 24 గంటల సగటున 60 మైక్రోగ్రాములు దాఁటరాదని 2009లో నిర్ణయింపఁబడెను.

గాలి నాణ్యతాసూచి: 50 లోపు మంచిది; 400 దాఁటినచో తీవ్రము.

కొయ్యలను కలియదున్నినచో నేలకు సత్తువ; కాల్చినచో అందలి నత్రజని చాలవఱకుఁ బొగయై పోవును. ప్రత్తికట్టెను ముక్కలుచేయు యంత్రమును పలువురు కలిసి బాడుగకుఁ దెచ్చుకొనినచో ఖర్చు తగ్గును.