కొలాబ్ ఒడ్డున వనభోజనం

కార్తికమాసం రాగానే కోరాపుట్, సునాబెడ, జయపురం పట్టణాలలోని తెలుగు కుటుంబాలకు వనభోజనాల ఆలోచన కలుగుతుంది. ఉసిరిచెట్టు నీడ దొరికినా దొరకకున్నా, పిల్లలకు నీటి ఒడ్డు మాత్రం కావాలి. అటువంటివారికి సమీపాన ఉన్నది ఎగువ కొలాబ్ జలాశయం. తూర్పు కనుమల నడుమ, చిన్న చిన్న దీవులతో పరచుకొన్న ఆ నీటిని తొలిసారి చూసినవారు సహజ సరస్సుగానే భావిస్తారు. నిజానికి అది కొలాబ్ నదికి అడ్డంగా ఆనకట్ట నిర్మించగా ఏర్పడినది. 320 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఆ నీటితోనే నడుస్తున్నది.

ఈ భేదం ఒడ్డున కూర్చొనేవారికి ముఖ్యమైనది. సరస్సుకు ఏళ్ల తరబడి అలలు తీర్చిన ఒడ్డు ఉంటుంది. జలాశయానికి ఉన్నది మునిగిన కొండవాలు. మోకాలి లోతులో నిలిచినవారికి రెండడుగుల అవతలే నిలువు లోతు ఎదురుకావచ్చు. ఆ నీటి అడుగున ఒకప్పుడు గ్రామాలు, పొలాలు ఉండేవి. వాటి గట్లు, చెట్ల మొదళ్లు పైకి కనిపించవు. నీటిమట్టమూ స్థిరం కాదు. వర్షాలకు నిండి, వేసవి నాటికి తగ్గుతుంది. నీరు వెనుదీసిన చోట పైన ఎండినట్లున్న నేల కింద మెత్తని బురద ఉంటుంది. పిల్లలు పరుగెత్తేదీ, కూరుకుపోయేదీ అక్కడే.

కనుక ఈత వచ్చినవారు సైతం ఇక్కడ నీటిలోకి దిగరాదు. పడవ ఎక్కేవారు పిల్లలతో సహా లైఫ్ జాకెట్ ధరించాలి. అది ఇవ్వని పడవ ఎక్కకపోవడమే మంచిది. ఎవరైనా నీట పడితే వెంట దూకక, తాడు గాని, చీర గాని, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా గాని అందించి, 112కు ఫోన్ చేయాలి.

విస్తళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు తిరిగి ఇంటికి తీసుకుపోవలసినవే. ఈ పట్టణాల కుళాయిలకు కొలాబ్ నీరే ఆధారం. ఆ నదే దిగువన శబరి అనే పేరుతో సాగి, కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది.

రాయగడవారికి ప్రియమైన హాతీపథర్ సంగతి వేరు. ఏనుగులను తలపించే బండల నడుమ నాగావళి ప్రవహించే చోటు అది. అక్కడ లోతుకంటె నాచు, ఆకస్మిక ప్రవాహం ప్రమాదకరం. పట్టణంలో ఎండ కాస్తున్నా, ఎగువ కొండలలో వాన కురిస్తే నది పెరుగుతుంది. నీరు ఎర్రబడినా, ఆకులు, పుల్లలు కొట్టుకువస్తున్నా, విస్తరి ముందు నుంచైనా లేచి ఒడ్డుకు చేరాలి.