కట్టడపు పనిలో ప్రాణరక్షణ: ప్రమాదాలు ఎలా జరుగుతాయి, వాటిని ఎలా నివారించవచ్చు?

2014 జూన్ 28వ తేదీ సాయంత్రం చెన్నై శివారులోని మౌలివాక్కంలో, నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల భవనం వానలో కుప్పకూలింది. ఆ శిథిలాల క్రింద 61 మంది ప్రాణాలు కోల్పోయారు. మృతులలో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కూలీలు, ఒడిశా నుండి వచ్చినవారు ఎందరో ఉన్నారు. పొట్ట చేత పట్టుకొని వెళ్ళిన దంపతులు అక్కడే కన్నుమూయగా, ఊళ్ళో మిగిలిన పిల్లల భారం తాతల మీద, అవ్వల మీద పడింది.

అంతటి ఘోరం జరిగితే దేశమంతటికీ తెలుస్తుంది. కాని పరంజా మీద నుండి ఒక్కడు జారిపడితే ఆ వార్త అతని ఊరి పొలిమేర దాటదు. హోసూరు, కోలారు ప్రాంతాల నుండి బెంగళూరుకు, పర్లాకిమిడి, రాయగడ వైపు నుండి విశాఖకు, సిరోంచ నుండి హైదరాబాదుకు మేస్త్రీల వెంట పనికి వెళ్ళే కుటుంబాలకు ఈ విషయం తెలియనిది కాదు. అయితే ఈ ప్రమాదాలలో అత్యధికం విధివ్రాతలు కావు. వాటికి కారణాలున్నాయి, నివారణోపాయాలూ ఉన్నాయి.

ఎత్తు నుండి పడటం

కట్టడపు పనులలో సంభవించే మరణాలకు ప్రధాన కారణాలలో ఇది మొదటి వరుసలో నిలుస్తుంది. పది మీటర్ల ఎత్తు, అనగా సుమారు మూడవ అంతస్తు నుండి జారిన మనిషి ఒకటిన్నర సెకను లోపలే నేలను తాకుతాడు. అప్పటి వేగం గంటకు 50 కిలోమీటర్లు. మూడు మీటర్ల ఎత్తు నుండి పడినా ఆ వేగం 27 కిలోమీటర్లు దాటుతుంది. ఏదో ఒకటి పట్టుకొని ఆగవచ్చునన్న ధైర్యం అంత స్వల్ప వ్యవధిలో అక్కరకు రాదు.

అందువల్ల పరంజా మీద పరచిన చెక్కలు ఊగకుండా, సందులు లేకుండా బిగించి ఉండాలి. నడుము ఎత్తున అడ్డుకర్ర ఉండాలి. లిఫ్టు గుంతలకు, స్లాబులోని ఖాళీలకు కంచె గాని, గట్టి మూత గాని తప్పనిసరి. రక్షణ బెల్టు భుజాలను, తొడలను కూడా చుట్టి ఉండేదే మేలు. కేవలం నడుముకు కట్టే బెల్టు పడినపుడు లోపలి అవయవాలకు హాని చేయగలదు. దాని కొక్కేన్ని తలకంటె ఎత్తున, కదలని దూలానికి తగిలించాలి. పనివాడు నిలిచిన పరంజా కర్రకే తగిలిస్తే, పరంజాతో పాటు అతడూ పడిపోతాడు. శిరస్త్రాణం పైనుండి పడే ఇటుక నుండి తలను కాపాడుతుందే గాని, మనిషిని పడకుండా ఆపలేదు.

తొందరపడి తీసిన సెంట్రింగు

స్లాబు పైకి గట్టిపడినట్లు కనిపించినా లోపల బలం చేకూరడానికి రోజులు పడుతుంది. 2000 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, సాధారణ పోర్ట్‌లాండు సిమెంటుతో వేసిన స్లాబు విస్తారం నాలుగున్నర మీటర్ల లోపు ఉంటే 7 రోజుల వరకు, అంతకు మించితే 14 రోజుల వరకు ఆధారపు కర్రలు తీయరాదు. దూలాలకైతే ఆరు మీటర్ల లోపు 14 రోజులు, ఆపైన 21 రోజులు. ఇతర రకాల సిమెంటుకు మరింత గడువు అవసరం కావచ్చు. చెక్కలు వేరొక పనికి కావాలని ముందుగా తీయించడం క్రింద నిలిచినవారి ప్రాణాలతో చెలగాటమే.

పునాది గుంతలు, మూసిన తొట్లు

ఒక ఘనమీటరు మట్టి బరువు ఒకటిన్నర టన్నుకు పైమాటే. ఛాతీ వరకు కూరుకుపోయిన మనిషి ముఖం బయటే ఉన్నా ఊపిరి తీసుకోలేడు. ఒకటిన్నర మీటరు మించిన లోతు తవ్వేటప్పుడు గోడలను ఏటవాలుగా కోయాలి, లేదా చెక్కలతో ఆనించాలి. తవ్విపోసిన మట్టిని అంచుకు దూరంగా వేయాలి. వాన కురిసిన మరునాడు గుంతను పరీక్షించకుండా లోపలికి దిగరాదు.

కొత్తగా కట్టిన సంపులో చెక్కలు విప్పడానికి దిగి మరణించేవారూ ఉన్నారు. నిలిచిన నీటిలో చెక్క కుళ్ళినపుడు లోపలి గాలిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. ఒకరు పడిపోగానే కాపాడబోయి మరొకరు, ఆ వెనుక ఇంకొకరు బలి అవుతారు. మూత తెరచి, యంత్రంతో గాలి ఆడించి, గాలిని పరీక్షించి, నడుముకు తాడు కట్టి, పైన మనిషిని నిలిపిన తరువాతనే దిగాలి.

ఇనుప చువ్వలను పైకెత్తేటప్పుడు సమీపంలోని విద్యుత్ తీగలను గమనించడం, తడినేల మీద అతుకుల తీగలు వాడకపోవడం, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను నిలిపివేసే రక్షక పరికరాన్ని అమర్చడం అంతే ముఖ్యం.

చట్టం ఏమంటున్నది?

1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం స్థానంలో, 2025 నవంబరు 21 నుండి వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పనిపరిస్థితుల స్మృతి, సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం భద్రతా సామగ్రి నిమిత్తం కార్మికుని నుండి రుసుము వసూలు చేయరాదు. ప్రాణాపాయం ఉన్నదని తోచినపుడు యజమానికి, అదే సమయంలో తనిఖీ అధికారికి తెలియజేసే హక్కు కార్మికునికి ఉన్నది.

పనిలో మరణమో, అంగవైకల్యమో కలిగితే పరిహారం కోరడానికి సాధారణ గడువు రెండేళ్ళు. సరిహద్దు కుటుంబాలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటున్నది. ప్రమాదం జరిగిన ప్రాంతంలోనే కాక, బాధిత కుటుంబం నివసించే ప్రాంతపు అధికారి ఎదుట కూడా దరఖాస్తు చేయవచ్చు. భాష తెలియని నగరంలో కార్యాలయాల చుట్టూ తిరగనవసరం లేదు. అయితే సంక్షేమ బోర్డులు రాష్ట్రానికొకటి. గడచిన పన్నెండు నెలలలో 90 రోజులు పని చేసిన, 18 నుండి 60 ఏళ్ళ లోపువారు పనిచేసే రాష్ట్రంలో నమోదు చేయించుకోవాలి.

ఇంటివారు చేయదగినవి

పనికి వెళ్ళేవారి ఆధార్ ప్రతి, మేస్త్రీ, గుత్తేదారుల పేర్లు, ఫోన్ నంబర్లు, కట్టడం చిరునామా ఇంట్లో వ్రాసి ఉంచాలి. కూలి చెల్లింపులు బ్యాంకు ద్వారా జరిగితే పని చేసినట్లు అదే ఆధారం. ఏడాదికి 20 రూపాయలతో బ్యాంకు ఖాతా ద్వారా లభించే ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రమాద మరణానికి రెండు లక్షల రూపాయలు ఇస్తుంది.

ఎత్తు నుండి పడినవారిని కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తరాదు. వెన్నెముక దెబ్బతిని ఉంటే ఆ కదలికతోనే కాళ్ళు పడిపోవచ్చు. కదల్చకుండా ఉంచి 108 గాని, 112 గాని పిలవాలి.

ఫోనులో మాట్లాడినపుడు కూలి ఎంత ముట్టిందని అడగడం సహజం. దానితో పాటు బెల్టు ఇచ్చారా, పరంజాకు అడ్డుకర్ర కట్టారా అని కూడా ఇంటివారు అడగాలి. లేదన్న జవాబు పదేపదే వినిపిస్తే ఆ పనిని వదలి రమ్మనడానికి వెనుకాడరాదు. కూలి మరొక చోట దొరుకుతుంది; పోయిన మనిషి తిరిగి రాడు.